పద్దెనిమిదో కూత

ఏడు గంటలు కాకముందే లుడ్విక్ స్రోకా తన నల్లకోటు ఇత్తడి గుండీలను మూడోసారి తుడిచాడు. మొదటిసారికే అవి మెరిశాయి. చేతులు ఊరుకోక మళ్ళీ తుడిచాడు, అంతే. బల్ల మీద చిన్న పళ్ళెమంత గుండ్రటి చెక్కపలక ఒకటి ఉంది. రాత్రి దానికి వేసిన రంగు ఆరిందో లేదోనని చిటికెనవేలితో అంచు తాకి చూశాడు.

"ఆరింది!" అన్నాడు పైకే. ఆ ఇంట్లో వినేవాళ్ళు ఎవరూ లేరు.

అరవైమూడేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. నలభై ఒక్క ఏళ్ళుగా పొగగొట్టాల్లోకి తొంగిచూసిన నడుము అది. ఎంత తోమినా గోళ్ళ మొదళ్ళలో, చెవుల వెనక, కళ్ళ చివరి ముడతల్లో మసి మిగిలిపోతుంది. కాటుక పెట్టుకున్నట్టుండే ఆ కళ్ళతో నవ్వితే పదేళ్ళు చిన్నవాడిలా కనిపిస్తాడు. మేస్త్రీ పరీక్షకు రెండుసార్లు కూర్చుని రెండుసార్లూ రాతపరీక్షలో తప్పాడు. అందుకని గొట్టాలు ఊడ్చేది అతనే అయినా, తనిఖీ కాగితం కింద సంతకం చేసేది ఎప్పుడూ ఇంకొకరే.

కిటికీ బయట థర్మామీటరులో ఎర్రగీత సున్నాకు పద్నాలుగు డిగ్రీలు కిందికి దిగి ఉంది. ఆ చలికాలంలో నీళ్ళు గడ్డకట్టే గట్టి చలి ఇదే మొదటిసారి. ఇవాళ నోవా రూడా ఊళ్ళో ఉన్న ప్రతి పొయ్యీ గొంతుదాకా బొగ్గు తింటుంది. లుడ్విక్ చెక్కపలకను పాత పత్రికలో చుట్టి చంకన పెట్టుకుని, మూడు మెట్ల చిన్న నిచ్చెనను ఎడమ భుజానికి తగిలించుకున్నాడు. భుజం కలుక్కుమంది. రెండు వారాలుగా తల ఎత్తి, చేతులెత్తి పైకప్పులకు కన్నాలు వేసిన భుజం మరి. నిచ్చెనను కుడి భుజానికి మార్చుకున్నాడు. డ్రిల్లును మాత్రం ఇంట్లోనే వదిలేశాడు.

పొగగొట్టాలు ఊడ్చేవాడు ఎదురొస్తే మంచి శకునం. చూడగానే ఎవరి కోటు గుండీ వాళ్ళు పట్టుకోవాలి. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు చేతితొడుగులతోనే గుండీలు తడుముకున్నారు. రొట్టెల బండి డ్రైవరు ఒక చేత్తో చక్రం, ఒక చేత్తో గుండీ పట్టుకుని పోయాడు. తన నల్లబట్టలు చూసి ఇన్ని చేతులు గుండెల మీదికి పోవడం లుడ్విక్‌కు నలభై ఏళ్ళుగా అలవాటే. కానీ ఇవాళ ప్రతి చెయ్యీ తననే దీవిస్తున్నట్టుంది. ఇంచుమించు పరుగులాంటి నడకతో పద్నాలుగో నంబరు ఇల్లు చేరాడు.

గని కార్మికుల కోసం జర్మన్ల కాలంలో కట్టిన నాలుగంతస్తుల ఇల్లది. పద్దెనిమిది వాటాలు. ప్రతి వాటాలో బొగ్గుపొయ్యి, గోడల్లో ఏది ఎక్కడికి పోతుందో ఎవరికీ సరిగ్గా తెలియని పొగదారులు. గని మూతబడి పాతికేళ్ళయినా ఇంటి ఇటుకల్లో ఆ నలుపు పోలేదు. ప్రతి ఇంట్లోనూ పొగ అలారం ఉండి తీరాలని చట్టం వచ్చింది కానీ, పాత ఇళ్ళకు రెండువేల ముప్పై జనవరి ఒకటి వరకూ గడువుంది. లుడ్విక్‌కు ఆ గడువుతో పనిలేదు. బడిపిల్లాడి దస్తూరితో పురపాలక కార్యాలయానికి తొమ్మిది ఉత్తరాలు రాశాడు. తొమ్మిదోదానికి విసిగిపోయి కాబోలు, ఒక్క ఇంటికి సరిపడా పద్దెనిమిది అలారాలు మంజూరు చేశారు. పదిహేడు బిగించేశాడు. మెట్ల కింద గోడకు అతను అంటించిన కాగితం ఉంది: "శుక్రవారం సాయంత్రం సరిగ్గా ఐదు గంటలకు అన్ని వాటాలవాళ్ళూ ఒకేసారి మీట నొక్కాలి. పరీక్ష. మీ స్రోకా."

శుక్రవారం ఇవాళే. పద్దెనిమిదోది ఇంకా అతని జేబులోనే ఉంది.

కింద వాటా వీటోల్డ్ గుమ్మంలో నిలబడి బొగ్గు బకెట్టు మీద చెయ్యి ఆనించి దగ్గుతున్నాడు. గనిలో ముప్పై ఏళ్ళు చేసిన దగ్గు. లుడ్విక్‌ను చూసి, దగ్గు మధ్యలోనే గుండీ పట్టుకున్నాడు.

"ఏరా లుడ్విక్! పెళ్ళికొడుకులా తయారయ్యావేంటి? పిల్ల ఒప్పుకుందా?"

"ఇవాళ ఒప్పిస్తా."

"మూడుసార్లు తరిమిందిగా ఒటీలియా మెట్ల మీంచి."

"మూడుసార్లూ చేతిలో డ్రిల్లుతో వెళ్ళానురా. ఇవాళ ఒట్టి చేతులతో వచ్చా, చూడు."

"నీ కాకి నిన్న నన్ను చంపేసింది," అన్నాడు వీటోల్డ్ నడవ కప్పు వైపు చూపించి. అలారానికి అతను పెట్టుకున్న పేరది. "రెండు చేపముక్కలు వేయించుకుంటుంటే ఒకటే గోల. తీసి పప్పు డబ్బాలో పడేద్దామనుకున్నా."

"వంటింటి తలుపు మూసుకుని వేయించుకోమన్నానా లేదా? అందుకేగదా వంటింట్లో కాకుండా నడవలో పెట్టింది. తీశావంటే వేళ్ళు విరిచేస్తా. ఐదింటికి గుర్తుందా?"

"నాలుగింటి నుంచే నిలబడతాలే, పో."

మూడో అంతస్తులో రోమెక్ తలుపు సగమే తెరుచుకుంది. ముప్పై నిండని కుర్రాడు. గొలుసు తీయకుండానే మాట్లాడాడు. వెనక అతని భార్య డాగ్మారా వంటింటి తలుపు గబుక్కున మూసింది.

"పిల్లాడు నిద్రపోతున్నాడు బాబాయ్, లోపలికి రమ్మనలేకపోతున్నా."

"రానులే. ఐదింటికి మీట నొక్కడం మర్చిపోకు. ఆ చేతులేంటి, నాకంటే నల్లగా ఉన్నాయి?"

"కారు బాబాయ్. చలికి స్టార్టవలేదు."

"కారు నలుపు నీళ్ళతో పోదు, సబ్బుతో రుద్దు," అని నవ్వుకుంటూ పైకి నడిచాడు. ఇంకో రోజయితే ఆ చేతుల మీది నలుపు నూనె మరకో, మసో ఒక్క చూపులో చెప్పేసేవాడు. ఇవాళ అతని కళ్ళు నాలుగో అంతస్తులో ఉన్నాయి.

నాలుగో అంతస్తుకు ఇరవై రెండు మెట్లు. పదకొండో మెట్టు దగ్గర కిటికీలోంచి ఎదురింటి తొమ్మిదో నంబరు కనిపిస్తుంది. అక్కడ అతను ఎప్పుడూ ఒక్క క్షణం ఆగుతాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఇలాంటి చలికే ఆ ఇంటి రెండో అంతస్తులో ఒక తల్లీ, ఇద్దరు కూతుళ్ళూ నిద్రలోంచి లేవలేదు. అంతకు ముందు వారమే లుడ్విక్ ఆ వాటా చూసి వచ్చాడు. గొట్టం శుభ్రంగా ఉంది, గోడలో గాలి కన్నం తెరిచి ఉంది. "అంతా బాగుంది" అని మేస్త్రీకి చెప్పింది అతనే. అతను మెట్లు దిగాక ఆ తల్లి చలికి ఓర్వలేక కన్నంలో పాత దుప్పటి కుక్కింది, పొయ్యి విషపుగాలి గదిలోనే ఉండిపోయింది. అందరూ చేసేదే. తప్పు నీది కాదని మేస్త్రీ అన్నాడు, పోలీసులు అన్నారు, చర్చిలో ఫాదర్ అన్నాడు. లుడ్విక్ ఎవరితోనూ వాదించలేదు. పెద్ద కూతురు అతన్ని చూసి కోటు గుండీలు రెండూ రెండు చేతులతో పట్టుకుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కిటికీ ముందు ఇవాళ కూడా ఆగాడు. తర్వాత మిగతా పదకొండు మెట్లూ రెండేసి చొప్పున ఎక్కాడు.

ఒటీలియా కుబిక్ తలుపు తీసి, నిచ్చెన వైపు చూసి, మళ్ళీ వేయబోయింది. డెబ్భై దగ్గర పడుతున్న పొట్టి మనిషి. పట్టు మిల్లులో ముప్పై నాలుగేళ్ళు మగ్గం దగ్గర నిలబడ్డ కాళ్ళు, తెగిన పోగును దూరం నుంచే పట్టే కళ్ళు.

"నాలుగోసారి కూడా నా నోట అనిపించుకోవాలా స్రోకా? ఆ కప్పుకు మేకు కూడా దిగనివ్వను."

"మేకు లేదు. కన్నం లేదు. ఒక్క నిమిషం చూడండి, నచ్చకపోతే నేనే నిచ్చెన కింద పడేసి పోతా. ముందు గుండీ పట్టుకోండి, శకునం."

"నా ఏప్రాన్‌కు గుండీల్లేవయ్యా, తాళ్ళే. నలభై ఏళ్ళుగా చెబుతున్నా."

అది వాళ్ళిద్దరికీ పలకరింపు. ఏడాదికోసారి తనిఖీకి వచ్చినప్పుడు అతను ఆ మాట అనడం, ఆమె ఈ మాట అనడం. ఆమె పక్కకు తప్పుకుంది.

నడవ కప్పు మీద ఆమె భర్త అలోయ్జీ వేసిన పూలదండ ఉంది. ఎర్ర గసగసాల పూలు, నీలి పొలంపూలు, మధ్యమధ్య గోధుమ కంకులు. ఒక వసంతమంతా, గని మూతబడ్డాక ఇంట్లో ఉంటూ, రెండు నిచ్చెనల మీద పలక వేసుకుని దానిమీద వెల్లకిలా పడుకుని వేశాడు. తర్వాత రెండేళ్ళకు ఊపిరితిత్తులు అతన్ని తీసుకుపోయాయి. తొమ్మిదేళ్ళయింది. ఆ దండ నడిమధ్యన, పాతకాలపు దీపం వేలాడిన ఇనుప కొక్కెం ఒంటరిగా మిగిలి ఉంది.

లుడ్విక్ పత్రిక విప్పి చెక్కపలక చూపించాడు. వెనకవైపు కొక్కేనికి సరిగ్గా తగిలే గాడి, అది కదలకుండా ఒక చిన్న చీల. ముందువైపు అలారానికి రెండు మరలు.

"మరలు చెక్కకు పడతాయి, కప్పుకు కాదు. కొక్కేనికి తగిలిస్తానంతే. కప్పు మధ్యలోనే ఉండాలి, గోడకు అరగజం దూరమైనా ఉండాలి. పొగ ముందు అక్కడికే చేరుతుంది. మీవారు దండ వేసిందీ అక్కడే, కొక్కెం ఉన్నదీ అక్కడే. మీ ఇంట్లో ఈ అలారానికి ఆయన ముందే చోటు గీసి పెట్టాడు." గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఒటీలియా పలకను చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు తిప్పింది. కప్పు వైపు చూసింది, మళ్ళీ పలక వైపు. రెండిటిదీ ఒకే రంగు.

"ఈ రంగు ఎక్కడిది?"

"మూడు డబ్బాలు కలిపా. మొదటి రెండుసార్లు పచ్చబడింది. గీకేసి మళ్ళీ వేశా."

ఆమె పలకను తిరిగి అతని చేతికిచ్చింది. "కొంచెం పూలదండకు తగలకుండా..." అంది చివరికి.

లుడ్విక్ అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. మూడు నిమిషాల్లో పని అయిపోయింది. గసగసాల పూల మధ్య తెల్లటి అలారం, దాని పొట్టలో ఆవగింజంత ఎర్రదీపం మినుకుమంది. అతను మెట్టు మీదే నిలబడి దాన్ని చూసి, ఆమెను చూసి, మళ్ళీ దాన్ని చూశాడు.

"నెలకోసారి చీపురుకట్ట చివరతో మీట నొక్కి చూడాలి. దుమ్ము తుడవాలి. బ్యాటరీ లోపలే ఉంటుంది, పదేళ్ళు వస్తుంది."

"పదేళ్ళా! డెబ్భై తొమ్మిది వస్తాయి నాకు. ఎవరైనా బతికేవాళ్ళకు పెట్టవయ్యా."

"మీరు బతకకపోతే నన్ను తిట్టేదెవరు? పదేళ్ళకు నేనే వచ్చి మారుస్తా. రాసిపెడుతున్నా, చూసుకోండి." చెవి మీది పెన్సిలు తీసి పలక అంచున చిన్న అక్షరాలతో రాశాడు: డిసెంబర్ 2035. స్రోకా.

"మేస్త్రీ సంతకం లేకుండా చెల్లుతుందా?"

"ఇది చెల్లుతుంది."

దిగబోతూ తెరిచి ఉన్న వంటింటి వైపు చూశాడు. అక్కడ గోడ మీద, కప్పుకు జానెడు కిందుగా, అతను కొత్త సంవత్సరానికి ఇచ్చిన క్యాలెండర్ వేలాడుతోంది. ఊళ్ళోని పొగగొట్టాల పనివాళ్ళందరూ వరసగా నిలబడ్డ ఫోటో. చివరన, సగం టోపీ కత్తిరించుకుపోయి, లుడ్విక్. మామూలుగా జనం దాన్ని తలుపు వెనక మేకుకు తగిలిస్తారు, లేకపోతే పొయ్యి అంటించడానికి వాడతారు. ఒటీలియా దాన్ని దేవుడి పటాలకంటే ఎత్తున పెట్టింది. లుడ్విక్ ఛాతీలో ఏదో వెచ్చగా కదిలింది.

అతని చూపు చూసి ఒటీలియా వంటింటి గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. ముఖం కందింది. "ఏంటలా చూస్తున్నావ్? వేరే ఇళ్ళు లేవా నీకు?"

సిగ్గుపడుతోంది అనుకున్నాడు లుడ్విక్. ఆ మాట తలలో మోగుతుండగా, నిచ్చెనను ఆమె నడవలోనే మరిచిపోయి మెట్లు దిగాడు.

మధ్యాహ్నమంతా వేరే వీధిలో రెండు గొట్టాలు ఊడ్చాడు. ఇనుపగుండు కట్టిన కుంచెను దించుతూ, లాగుతూ, ఈల వేశాడు. మధ్యలో ఒకసారి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కితే కప్పు మీద కూర్చుని కాసేపు ఊరిని చూశాడు. నాలుగు దాటేసరికి చీకటి కమ్మింది. ఒక్కో ఇంటి నెత్తిన పొగ నిటారుగా లేస్తోంది. పద్నాలుగో నంబరు నెత్తిన కూడా లేస్తోంది. లెక్కకు అయిదు గొట్టాల్లోంచి రావలసిన పొగ ఆరింటిలోంచి వస్తున్నట్టు అనిపించింది. చీకట్లో కళ్ళు మోసం చేస్తాయి. గడియారం చూసుకుని లేచాడు.

ఐదుకు పది నిమిషాలుండగానే మెట్లన్నీ నిండిపోయాయి. ప్రతి అంతస్తులోనూ తలుపులు బార్లా తెరిచి, ఒక్కో ఇంటి నుంచి ఒకరు చీపురుకట్టతోనో గొడుగుతోనో అలారం కింద నిలబడ్డారు. మిగతావాళ్ళు మెట్ల రెయిలింగుల మీంచి వంగి కిందికీ పైకీ అరుచుకుంటున్నారు. నాలుగో అంతస్తు నుంచి క్యాబేజీ కూర వాసన, రెండో అంతస్తు నుంచి నారింజ తొక్కల వాసన. ఏళ్ళ తరబడి మాట్లాడుకోనివాళ్ళు కూడా ఒకరి గడియారంతో ఒకరు టైము సరిచూసుకుంటున్నారు. లుడ్విక్ కింద మెట్టు మీద నిలబడి చెయ్యి పైకెత్తాడు.

"పది! తొమ్మిది! ఎనిమిది!" వీటోల్డ్ మొదలుపెట్టాడు. ఇల్లంతా అందుకుంది.

"సున్నా!"

పద్దెనిమిది అలారాలు ఒక్కసారి కూశాయి. పళ్ళు జివ్వుమన్నాయి. పిల్లలు చెవులు మూసుకుని గెంతారు. ఎవరో గట్టిగా నవ్వారు, ఆ నవ్వు వినపడలేదు, తెరిచిన నోరే కనిపించింది. నూటపాతికేళ్ళ ఇల్లు పునాది నుంచి కప్పుదాకా ఒక్క గొంతుతో అరుస్తోంది. లుడ్విక్ ఆ శబ్దంలో తడిసిపోతూ కళ్ళు మూసుకున్నాడు. తొమ్మిదో నంబరు దాకా వినిపించి ఉంటుంది అనుకున్నాడు.

చెయ్యి దించాడు. ఒక్కొక్కటే ఆగాయి. పదిహేడు ఆగాయి. ఒక్కటి ఆగలేదు.

"మీట వదలవే ఒటీలియా!" కింద నుంచి వీటోల్డ్ అరిచాడు. "కొత్త బొమ్మ దొరికిందని..."

"నా రెండు చేతులూ ఇక్కడే ఉన్నాయిరా ముసలోడా!"

లుడ్విక్ తలెత్తి చూశాడు. నాలుగో అంతస్తు రెయిలింగు మీద ఆమె రెండు చేతులూ కనిపించాయి. చీపురు గోడకు ఆనించి ఉంది. అలారం కూస్తూనే ఉంది.

నాలుగు అంతస్తులు ఎలా ఎక్కాడో అతనికి తెలియదు. గుమ్మంలో అడుగుపెట్టగానే ముక్కు చెప్పింది: బొగ్గు కాదు, గుడ్డ. కాలుతున్న దూది. వంటింట్లో లైటు చుట్టూ సన్నటి పొగ, కప్పును అంటిపెట్టుకుని నడవలోకి పాకుతోంది. క్యాలెండర్ మధ్యలో డిసెంబర్ నెల గోధుమరంగుకు తిరిగి ముడుచుకుంటోంది.

బల్ల లాక్కుని ఎక్కి క్యాలెండర్‌ను పీకేశాడు. దాని వెనక గాలి కన్నపు ఇనుప జాలీ. జాలీ వెనక నిండా కుక్కిన గుడ్డ. గుడ్డ మీద ఎర్రటి పురుగుల్లా నిప్పురవ్వలు పాకుతున్నాయి.

"నీళ్ళు వద్దు! బూడిద బకెట్టు!"

ఒటీలియా జింకు బకెట్టు ఈడ్చుకొచ్చింది. అతను జాలీని చాకుతో పెరికి, పట్టకారుతో గుడ్డను లాగాడు. అది లాగేకొద్దీ వచ్చింది. ఒక చెయ్యి, కాలరు, ఇంకో చెయ్యి. దూది పెట్టి కుట్టిన గని కార్మికుడి పనికోటు. బూడిదలోకి తొక్కి, పైన ఇంకా బూడిద పోసి, మూత పెట్టి కాలితో అదిమాడు. కిటికీలు తెరిచాడు. కన్నంలోంచి వేడిగాలి, నిప్పురవ్వలు ఇంకా ఎగిసి వస్తున్నాయి. కింద నుంచి.

"రోమెక్!" అని కేక వేస్తూ దిగాడు.

రోమెక్ అప్పటికే వంటింటి తలుపు తీసి నిలబడ్డాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. గోడవార నిన్న కొన్న చిన్న ఇనుపపొయ్యి ఎర్రగా కాలుతోంది. దాని గొట్టాన్ని గాలి కన్నంలోకే దూర్చాడు. పొగ తన ఇంట్లోకి రాలేదు. సూటిగా పైన ఒటీలియా కన్నం దాకా పోయింది. ఇద్దరూ కలిసి కణకణలాడే బొగ్గును బకెట్లకెత్తి పెరట్లో మంచులో పోశారు. మంచు బుస్సుమంది.

అగ్నిమాపక బండి వచ్చేసరికి ఇల్లంతా పెరట్లో ఉంది. పిల్లలు దుప్పట్లలో, పెద్దవాళ్ళు దళసరి కోట్లలో, ఒకావిడ చేతిలో పిల్లి, ఒకాయన చేతిలో చేపల బాణలి. భయం కంటే సంబరం ఎక్కువగా ఉంది. జరిగినదాన్ని ఒకరికొకరు అప్పుడే మార్చి మార్చి చెప్పుకుంటున్నారు. అగ్నిమాపక అధికారి గొట్టమంతా చూసి, అటక ఎక్కి దిగివచ్చి, హెల్మెట్ తీశాడు.

"అటక దూలం పట్టుకు చూశా. వెచ్చగా ఉంది," అన్నాడు. ఇంకో గంటయితే అది అంటుకునేది. పెరట్లో మాటలు తగ్గాయి.

రోమెక్ ఏడుస్తున్నాడు. డాగ్మారా పిల్లాణ్ణి ఎత్తుకుని భర్త వైపు చూడటం లేదు. వీటోల్డ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, "ఈ రాత్రికి మా ఇంట్లో పడుకోండి. నా దగ్గుకు ఎవరూ నిద్రపోరనుకోండి, అయినా వెచ్చగా ఉంటుంది," అన్నాడు.

లుడ్విక్ రోమెక్ భుజం మీద చెయ్యి వేశాడు. తిట్టు కోసం అందరూ ఎదురుచూశారు. "పొద్దున్నే వస్తా. ఆ కన్నం మూసి, నీకు సరైన గొట్టం చూపిస్తా," అని మాత్రం అన్నాడు. తర్వాత ఆగలేక, ముసిముసిగా నవ్వుతూ, చుట్టూ ఉన్న అందరికీ: "విన్నారా? పనిచేసింది! పొద్దున పెట్టా, సాయంత్రం పనిచేసింది!"

పైకి వెళ్ళడానికి అనుమతి దొరికాక, నిచ్చెన తెచ్చుకుంటానని ఒటీలియాతో పాటు మెట్లెక్కాడు. పైమెట్టు దగ్గర ఊపిరి అందక కూర్చుండిపోయాడు. "ఒక్క నిమిషం. భుజం," అన్నాడు. ఆమె లోపలికి పోయి, అద్దాల బీరువాలోంచి ఎప్పుడూ బయటికి తీయని కప్పులో టీ తెచ్చి చేతికిచ్చి, పక్కన కూర్చుంది.

"అలోయ్జీ కోటు అది," అంది. "నువ్వొస్తున్నావని కింద కాగితం అంటిస్తారు చూడు, ఆ ముందు రోజు తీసేదాన్ని. నువ్వు వెళ్ళగానే మళ్ళీ కుక్కేదాన్ని. ఇవాళ చెప్పకుండా వచ్చావు. కింద నీ గొంతు వినగానే నీ క్యాలెండర్ తీసి కన్నానికి అడ్డం తగిలించా."

"తెలుసు."

"తెలుసా?"

"ఇల్లిల్లూ అంతే. నా కాగితం చూడగానే ఊరు ఊరంతా కన్నాలు తెరుచుకుంటుంది. తెలిసి కూడా పొద్దున పట్టుకోలేదు నేను." కప్పులోకి ఊది, సిగ్గుగా నవ్వాడు. "నన్ను అంత ఎత్తున పెట్టారని మురిసిపోయా."

ఒటీలియా అతని వైపు చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది. నలభై ఏళ్ళలో ఆమె అతని ముందు నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"కిందకి తగిలిస్తాలే ఈసారి, మొహం కనపడేలా. చక్కెర తేనా?"

"రెండు ముక్కలు," అన్నాడు లుడ్విక్.

ఆమె చక్కెర గిన్నె వెతికి తెచ్చేసరికి అతను గోడకు తల ఆనించుకుని ఉన్నాడు. టోపీ మోకాలి మీద ఉంది. కప్పు పక్కన మెట్టు మీద, ఒక్క చుక్క ఒలకకుండా, ఇంకా ఆవిరి కక్కుతూ ఉంది. కింద పిల్లలు ఎవరో "పది, తొమ్మిది, ఎనిమిది" అని ఆట మొదలుపెట్టారు. ఆమె అతని పక్కన కూర్చుని, లెక్క సున్నాకు వచ్చేదాకా ఎవరినీ పిలవలేదు.

సోమవారం లుడ్విక్‌ను మట్టి చేశారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన తోటిపనివాళ్ళు నల్లకోట్లతో, మెరిసే గుండీలతో శవపేటిక మోశారు. అంతమంది ఒక్కసారి ఎదురుకావడం ఊరెప్పుడూ చూడలేదు. శ్మశానం దారి పొడుగునా జనం తమకు తెలియకుండానే గుండీలు పట్టుకున్నారు. ఎవరూ నవ్వలేదు. ఒటీలియా పాత గోధుమరంగు కోటు వేసుకుని వచ్చింది. పై గుండీని పట్టుకున్న చెయ్యి, మట్టి పోయడం అయిపోయేదాకా దించలేదు.

మంగళవారం రోమెక్ వాళ్ళింట్లో ఒక మేస్త్రీ వచ్చి గొట్టం సరిచేసి, కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళాడు. ఒటీలియా వంటింటి కన్నం తెరిచే ఉంది. చలిగాలి వస్తుంటే శాలువా కప్పుకుని కూర్చుంటోంది. నిచ్చెన కోసం ఎవరూ రాలేదు.

అది ఆమె నడవలో, పూలదండ కింద, అతను వదిలిన చోటే ఉంది. మూడు మెట్ల బూడిదరంగు చెక్క నిచ్చెన. పైమెట్టు మీద నలభై ఏళ్ళుగా ఒకే మనిషి బూట్లు నిలబడి నిలబడి అరిగిన రెండు గుంటలు, నిమిషానికోసారి పైన ఎర్రదీపం మినుకుమన్నప్పుడల్లా, ఎవరో ఇప్పుడే దిగినట్టు కనిపిస్తాయి.